పుట్టుకతో వచ్చిన బుద్ధి మార్చుకున్న స్విచ్

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని మన పెద్దవాళ్లు అంటారు. ఈమధ్య ఒక కరెంటు స్విచ్ విషయంలో ఈ సామెత నాకు పదేపదే గుర్తొచ్చింది. నవ్వకండి, కాస్త వివరంగా చెప్తాను.

మన చిన్నప్పటి నల్ల స్విచ్‌లకి బుద్ధి అంటూ ఏమీ ఉండేది కాదు. కిందికి నొక్కితే లోపల రెండు రేకులు కలిసేవి, లైటు వెలిగేది. పైకి ఎత్తితే విడిపోయేవి, ఆరిపోయేది. ఎవరు నొక్కినా ఒకటే మాట వినేది. ఇప్పుడు వస్తున్న స్మార్ట్ స్విచ్ అలా కాదు. దాని లోపల వేలిగోరంత చిప్ ఒకటి ఉంటుంది, అది ఒక చిన్న కంప్యూటరు. ఎవరి మాట వినాలో, ఎప్పుడు వెలిగించాలో, ఎవరికి కబురు పంపాలో ఆ చిప్‌కి చెప్పే ప్రోగ్రామ్‌ని ఫర్మ్‌వేర్ అంటారు. ఫ్యాక్టరీలోనే రాసి పంపేస్తారు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, దీనికి తెలుగు మాట ఏమిటా అని చాలాసేపు వెతుక్కున్నాను. "పుట్టుకతో వచ్చిన బుద్ధి" కన్నా మంచిది దొరకలేదు.

తమాషా ఏమిటంటే, ఈ బుద్ధిని మార్చవచ్చు. కంపెనీ రాసిన ప్రోగ్రామ్ చెరిపేసి, అందరూ చదవగలిగే, ఎవరైనా సరిదిద్దగలిగే వేరే ప్రోగ్రామ్ దాని స్థానంలో ఎక్కించవచ్చు. మా ఇంట్లో రెండు స్విచ్‌లకి మేం ఆ పని చేశాం. అయితే మా అమ్మాయి, నేను కలిసి ఓ సాయంత్రం చేసిన ఈ పని వెనక నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది తెలిశాక వంటింట్లో నిలబడి దాన్ని తలుచుకుంటుంటే నాకు భలే ముచ్చటేసింది.

ముందు మాకు ఆ అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి.

మా అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక రాత్రిపూట రెండు మూడుసార్లు లేవాల్సి వచ్చేది. ఆవిడ గది నుంచి బాత్రూమ్‌కి వెళ్లే నడవాలో లైటు రాత్రి పదికి వెలిగి, తెల్లవారుజామున ఐదుకి ఆరిపోయేలా మా వారు ఒక స్మార్ట్ స్విచ్ పెట్టించారు. బాత్రూమ్ లైటుకి ఇంకొకటి. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒకరాత్రి ఆ కంపెనీ సర్వర్ పనిచెయ్యలేదు. మా ఇంట్లో కరెంటుంది, ఇంటర్నెట్టూ ఉంది, బల్బు బాగానే ఉంది. అయినా లైటు వెలగలేదు. ఎందుకంటే "పది గంటలకి వెలుగు" అన్న మాట మా గోడలో లేదు, ఎక్కడో పరాయి దేశంలో ఉన్న కంప్యూటర్లో ఉంది. అలికిడికి నేను లేచి వెళ్లేసరికి అత్తయ్యగారు చీకట్లో గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. పడలేదు, దేవుడి దయ.

ఆ మర్నాడు అమ్మాయి యాప్ తెరిచి చూస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. బాత్రూమ్ లైటు ఏ రోజు ఎన్ని గంటలకి వెలిగిందో, ఎప్పుడు ఆరిందో అంతా జాబితాగా ఉంది. అంటే మా ఇంటి పెద్దావిడ రాత్రికి ఎన్నిసార్లు లేస్తున్నారో ఆ కంపెనీ దగ్గర లెక్కుంది. ఆ సంగతి నాకు తెలియాలి, మా డాక్టరుగారికి తెలియాలి. మూడోవాళ్లకెందుకండీ?

ఇలాంటిది మాకొక్కళ్లకే జరిగిందేమీ కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో రివాల్వ్ అని ఇంటి లైట్లు, తాళాలు నడిపే పెట్టె ఒకటి ఉండేది. ధర 300 డాలర్లు. 2014లో ఆ కంపెనీని గూగుల్‌కి చెందిన నెస్ట్ కొనేసింది. 2016 మే నెలలో దాని సర్వర్లు ఆపేశారు. డబ్బిచ్చి కొన్న పెట్టె ఇంట్లో బొమ్మలా మిగిలిపోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో అమెరికా కంపెనీ అయితే ముందుగా ఒక్క ముక్క చెప్పకుండా సర్వర్లు కట్టేసింది. కొన్నాళ్లకి ఆ వస్తువులు వాడే కొందరు మనుషులే కలిసి ఆ కంపెనీని కొని మళ్లీ నడిపించుకున్నారు.

ఇక అసలు చరిత్రకి వస్తాను. ఇది స్విచ్‌తో మొదలవలేదు, ఒక ప్రింటర్‌తో మొదలైంది.

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన కంప్యూటర్ ప్రయోగశాలలో పనిచేసేవారు. అక్కడి పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ప్రింటు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి కబురు వెళ్లేలా ఆయన దాని ప్రోగ్రామ్‌ని మార్చుకున్నారు. తర్వాత జిరాక్స్ కంపెనీ ఇచ్చిన కొత్త ప్రింటర్ వచ్చింది. అదీ ఇరుక్కునేది. కానీ దాని ప్రోగ్రామ్‌ని చదివే రూపంలో ఇవ్వలేదు కాబట్టి ఏమీ చెయ్యలేకపోయారు. మరో విశ్వవిద్యాలయంలో ఒకరి దగ్గర అది ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానని ఆయన కాదన్నారు.

ఆ నిరాకరణ స్టాల్‌మన్‌ని బాగా కదిలించింది. 1983లో ఆయన గ్నూ అనే పని ప్రకటించారు. ఎవరైనా వాడుకోగల, చదవగల, మార్చగల, పంచుకోగల ప్రోగ్రామ్‌లు రాయడం దాని లక్ష్యం. 1989లో జి.పి.ఎల్. అనే షరతుల పత్రం వచ్చింది. దాని సారాంశం మన ఆడవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. నా దగ్గర ఆవకాయ కొలతలు తీసుకో, నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో, పెట్టి అమ్ముకో. కానీ నీ దగ్గర ఆవకాయ కొన్నవాళ్లు కొలతలు అడిగితే దాచకూడదు.

ఇంగ్లీషులో ఈ ఉద్యమానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని పేరు. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదేమో అని అందరూ పొరబడుతుంటే, ఫ్రీ అంటే స్వాతంత్ర్యం అని వాళ్లు ఇన్నేళ్లుగా విడమరిచి చెప్తూనే ఉన్నారు. మన తెలుగులో ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమం కోసం పనిచేసే సంస్థ పెట్టుకున్న పేరు కూడా స్వేచ్ఛే. తెలుగులో కంప్యూటర్ వాడుకునేందుకు వాళ్లు చాలా పనిచేశారు.

ప్రింటర్ తర్వాత మలుపు వైఫై పెట్టెది. 2002 చివర్లో లింక్‌సిస్ అనే కంపెనీ డబ్ల్యూ.ఆర్.టి.54జి అనే రౌటర్ని అమ్మకానికి తెచ్చింది. దాని లోపల ఉన్నది లినక్స్ అని కొందరు కనిపెట్టారు. లినక్స్ జి.పి.ఎల్. షరతుల కింద ఉంది, అంటే కొలతలు చెప్పి తీరాలి. పట్టుబట్టి అడగ్గా 2003లో కంపెనీ ఆ ప్రోగ్రామ్ పాఠాన్ని బయటపెట్టింది. దాని మీద 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి మొదలైంది. కొన్న వస్తువులో కంపెనీ బుద్ధి తీసేసి మన బుద్ధి పెట్టుకోవచ్చని మామూలు ఇళ్లవాళ్లకి చూపించింది ఆ పెట్టే.

పదేళ్లు గడిచాయి. 2014లో చైనాలోని షాంఘైకి చెందిన ఎస్‌ప్రెస్సిఫ్ కంపెనీ చేసిన ఈఎస్‌పీ8266 అనే చిప్ ప్రపంచమంతటా బయటి ఔత్సాహికుల కంటపడింది. కొద్ది డాలర్లకే వైఫైతో సహా ఒక కంప్యూటరు! మొదట్లో దాని వివరాలు చైనా భాషలోనే ఉండేవి. అక్కడొకరు, ఇక్కడొకరు కూర్చుని అనువాదం చేసుకుంటూ దాని గుట్టు తెలుసుకున్నారు. ఆ చిప్‌తోనే షెన్‌జెన్‌లోని ఐటెడ్ కంపెనీ సోనాఫ్ అనే చవక స్విచ్‌లు చేసింది. 2016లో నెదర్లాండ్స్‌కి చెందిన థియో ఆరెండ్స్ ఆ స్విచ్‌ల కోసం సొంత ఫర్మ్‌వేర్ రాసి అందరికీ పంచిపెట్టారు. దాని పేరు టాస్మోటా. పేరులో మొదటి రెండక్షరాలు ఆయన పేరూ ఇంటిపేరూ. దీనికి తోడుగా 2018లో ఆటో వింటర్ మొదలుపెట్టిన ఈఎస్‌పీహోమ్ వచ్చింది. ఇంట్లోని ఇలాంటి వస్తువులన్నిటినీ ఒకచోట నడిపే హోమ్ అసిస్టెంట్‌ని పౌలస్ స్కౌట్సెన్ 2013లోనే మొదలుపెట్టారు. ఆయన మొదట చేసుకున్న పని ఏమిటో తెలుసా? సూర్యాస్తమయానికి ఇంట్లో లైట్లు వాటంతటవే వెలిగేలా చేసుకోవడం. మన సంధ్యాదీపమే!

2018 డిసెంబరులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక పెద్ద సభ జరిగింది. రకరకాల బ్రాండ్ల పేర్లతో అమ్ముడయ్యే స్మార్ట్ స్విచ్‌ల వెనక ఉన్నది చాలావరకు టుయా అనే ఒకే కంపెనీ వ్యవస్థ అని, డబ్బా విప్పకుండా వైఫై ద్వారానే వాటి ఫర్మ్‌వేర్ మార్చవచ్చని అక్కడ మైకేల్ స్టైగర్‌వాల్డ్ చూపించారు. ఆ దారి తర్వాత మూసేశారు. వస్తువుల్లో చిప్‌లే మారిపోయాయి. ఔత్సాహికులు మళ్లీ కొత్త దారులు వెతికారు. మరోపక్క సోనాఫ్ వాళ్లు 2019లో వచ్చిన మినీ అనే స్విచ్‌లో సొంత ఫర్మ్‌వేర్ ఎక్కించుకునే వీలు తామే కల్పించారు.

ఇప్పుడు మేం చేసింది చెప్తాను. ముందుగా గట్టి జాగ్రత్త. గోడలో ఉన్నది 230 వోల్టులు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసి, ఎలక్ట్రీషియన్ చేత ఆ చిన్న డబ్బాలు గోడలోంచి పూర్తిగా ఊడదీయించాం. కరెంటు తీగలు తగిలి ఉండగా దాన్ని కంప్యూటర్‌కి కలపకూడదు, ఎంతమాత్రం కూడదు. స్విచ్ డబ్బాకీ మనకీ కంప్యూటర్‌కీ ప్రాణం మీదికొస్తుంది.

డైనింగ్ టేబుల్ మీద డబ్బా మూత తీస్తే లోపల నాలుగు చిన్న రంధ్రాలు వరసగా ఉన్నాయి. ఒకటి 3.3 వోల్టులకి, ఒకటి ఎర్తులాంటి గ్రౌండ్‌కి, ఒకటి మాట వినడానికి, ఒకటి మాట చెప్పడానికి. యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ తెచ్చి, దాన్ని 3.3 వోల్టుల మీద పెట్టి, నాలుగు తీగలూ కలిపాం. ఇది చెప్పేది అది వినాలి కాబట్టి ఆ రెండు తీగలూ అడ్డంగా మార్చి కలపాలి. స్విచ్ మీదున్న బటన్ నొక్కిపట్టుకుని యూఎస్‌బీ గుచ్చితే చిప్ కొత్త పాఠం నేర్చుకోవడానికి సిద్ధమవుతుంది. బటన్ పట్టుకోవడం నా వంతు, టైపు చెయ్యడం అమ్మాయి వంతు. రెండో స్విచ్‌కి మాత్రం వంతులు మార్చుకున్నాం. పాత ఫర్మ్‌వేర్‌ని ముందు కంప్యూటర్లో దాచుకుని, తర్వాత చెరిపి, టాస్మోటా ఎక్కించాం. ఆ చిప్ జ్ఞాపకశక్తి మొత్తం ఒక్క మెగాబైటు. ఫోన్లో తీసే ఫోటో ఒక్కటి అంతకన్నా పెద్దది!

తీగలు తీసి మళ్లీ కరెంటిచ్చాక ఫోన్లో వైఫై పేర్ల మధ్య టాస్మోటా అని కొత్త పేరు కనిపించింది. దానికి మన ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ చెప్తే చాలు. ఆ తర్వాత మా ఇంటి గోడల మధ్యే తెరుచుకునే ఒక పేజీలో అన్నీ మనమే పెట్టుకోవచ్చు. పదహారు టైమర్లున్నాయి. మన ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే సూర్యాస్తమయం అదే లెక్కగట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక లైటు వెలిగి ఉండాలా, ఆరి ఉండాలా అన్నది కూడా మన ఇష్టమే. టైమెంతో తెలుసుకోవడానికి మాత్రం అది ఇంటర్నెట్ వైపు చూస్తుంది, ఆ ఒక్కటీ గుర్తుంచుకోవాలి. అందుకని కరెంటు పోయి వస్తే నడవా లైటు వెలిగే ఉండేలా పెట్టాం. పగలు వెలిగితే చేత్తో ఆపుకోవచ్చు, రాత్రి చీకటి మాత్రం వద్దు. బాత్రూమ్ లైటు జాబితా ఇప్పుడు ఎవరి దగ్గరికీ వెళ్లదు.

మీలో ఎవరైనా కొనబోతుంటే మూడు విషయాలు అడగండి. ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లోంచి పనిచేస్తుందా? లోపల ఏ చిప్ ఉంది, దానికి స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ దొరుకుతుందా? మన బోర్డులో న్యూట్రల్ తీగ ఉందా? సాకెట్ లేకుండా స్విచ్‌లు మాత్రమే ఉన్న బోర్డుల్లో అది ఉండకపోవచ్చు. ఫర్మ్‌వేర్ మారిస్తే కంపెనీ గ్యారంటీ పోవచ్చని కూడా తెలుసుకుని దిగండి. ఇవేవీ కుదరకపోతే మామూలు స్విచ్‌కి మించింది లేదు. నొక్కిన చెయ్యి ఎవరిదైతే వాళ్ల మాటే వింటుంది.

ఇంట్లో ఏ దీపం ఎప్పుడు వెలగాలో నిర్ణయించే పెత్తనం మన అమ్మమ్మల కాలం నుంచీ ఇంటి ఆడవాళ్లదే. అగ్గిపెట్టె దగ్గర్నుంచి ఎల్‌ఈడీ దాకా చేతులు మారకుండా వచ్చిన ఆ పని, మనకి తెలియకుండానే ఎక్కడో ఉన్న కంప్యూటర్ చేతికి పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకునే దారిని, మనమెవరో ఎరగనివాళ్లు ఇన్నేళ్లు కష్టపడి వేసి, పైసా అడగకుండా తెరిచి ఉంచారు. ప్రింటర్ దగ్గర కాదనిపించుకున్న ఒక మనిషి ఉక్రోషం, మా నడవా లైటు దాకా వచ్చింది.