బస్తర్ కలెక్టర్ నుంచి పెసా దాకా: బి.డి. శర్మ

మ్యాపులో ఆవపల్లి చూడండి. నేడు బీజాపూర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 1960లలో బస్తర్ జిల్లాలోది. ఆ దశాబ్దం చివర్లో అక్కడి కలెక్టర్ బి.డి. శర్మ, 1956 బ్యాచ్ ఐఏఎస్. తర్వాత కేంద్ర హోం శాఖలో గిరిజన ఉప ప్రణాళిక రూపకల్పనలో పాల్గొన్నారు. 1981లో సర్వీసు వదిలారు. 1986-91లో ఎస్సీ, ఎస్టీ కమిషనర్ (ఆర్టికల్ 338). గ్రామసభకే అధికారం ఉండాలన్న ఆయన వాదన 1996 పెసా చట్టంలో కనిపిస్తుంది.

2012లో సుక్మా కలెక్టర్‌ను మావోయిస్టులు అపహరించినప్పుడు, వారి తరఫు మధ్యవర్తులుగా చర్చలు జరిపింది శర్మ, మన ప్రొఫెసర్ హరగోపాల్. సర్వీసు వదిలిన 31 ఏళ్లకూ ఆ అడవిలో ఆయన మాటకు విలువుంది. ఎథిక్స్ పేపర్‌లో ‘ప్రజా విశ్వాసం’ అడిగితే ఈ ఉదాహరణ రాయండి. పోస్టింగ్ వచ్చాక కూడా గుర్తుంచుకోండి.