నిలువురాళ్లపై నిత్యజీవితం

రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం 1875లో నెలకొన్నది. సిర్పూర్ మొదలైన చోట్ల లభించిన మూర్తులు, శాసనాలు అందులో భద్రపరచబడి ఉన్నాయి. రాజుల చరిత్రకు, ఆలయాల చరిత్రకు అవి ఆధారాలు. పొలం దున్నినవానికి, వేటాడినవానికి, సంతకు నడిచిన స్త్రీకి శిలపై చోటు దొరికిందా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం అక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దక్షిణాన, బస్తర్ దారుల పక్కన లభిస్తుంది.

జగదల్‌పూర్ నుండి దంతెవాడ వెళ్లే మార్గంలో మారియా గోండుల స్మారకాలు కనిపిస్తాయి. మరణించిన ఆప్తుని పేర చెక్కిన కొయ్యస్తంభాన్ని గాని, రాతిపలకను గాని నిలపడం వారి ఆచారం. దిల్మిలీ, గామావాడా గ్రామాలలోని ప్రాచీన నిలువురాళ్లను ‘ఉరస్‌కల్’ అంటారు. గోండీలో ‘కల్’ అంటే రాయి. మన సన్నికల్లులోను, వీరగల్లులోను ఉన్నది ఆ మాటే.

పోలిక అంతటితో ఆగిపోతుంది. తెలుగునాట వీరగల్లు యుద్ధంలోనో, పశువుల రక్షణలోనో నేలకొరిగిన వీరుని స్మరిస్తుంది. అతడు ఎలా మరణించాడో చెబుతుంది. మారియా స్మారకం మరణించినవాడు ఎలా జీవించాడో చెబుతుంది. ఎడ్లు, నాగలి, అడవిదున్న కొమ్ముల శిరోభూషణంతో డోలు వాయించే నర్తకులు, వరుసకట్టి ఆడే స్త్రీలు, వేట, పక్షులు అందులో కొలువుదీరుతాయి. స్మరణకు అర్హత పరాక్రమం కాదు, బతుకే.

1927 నుండి 1931 వరకు బస్తర్ పాలనాధికారిగా ఉన్న గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఆచారాన్ని వివరించాడు. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్యభారత గిరిజన కళపై వెలువరించిన గ్రంథంలో ఈ స్తంభాల శిల్పాన్ని పరిశీలించాడు. తరువాతి కాలపు పలకలపై సైకిలు, మోటారు వాహనం, విమానం, తుపాకి పట్టిన పోలీసు కూడా చేరారు. గ్రామంలోకి కొత్తగా ప్రవేశించిన ప్రతి వస్తువూ, ప్రతి అధికారమూ అక్కడ నమోదైంది. లిపి లేని సమాజం రాసుకున్న దినచర్య అది.

దిల్మిలీ, గామావాడా స్మారకాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. కాని 1958 నాటి చట్టం ప్రకారం ప్రాచీన కట్టడంగా గుర్తింపు పొందాలంటే కనీసం 100 సంవత్సరాల వయస్సు ఉండాలి. కొయ్య అడవి వానలకు, చెదలకు అంతకాలం నిలవడం అరుదు. రక్షణకు అర్హత వచ్చేనాటికి రక్షించవలసిన వస్తువే మిగలదు.

నవ రాయపూర్‌లో 2006లో ప్రారంభమైన పుర్ఖౌతీ ముక్తాంగణ్ ఆదివాసీ కళారూపాలను నగరవాసుల ముందుంచింది. అది ప్రశంసనీయమే. అయితే నమూనా రూపాన్ని మాత్రమే నిలుపుతుంది. ఆ స్తంభం ఎవరిది, ఎవరు నిలిపారు అన్నది చెప్పలేదు. ఆ కుటుంబాల అనుమతితో, గ్రామాలవారీగా, పేర్లతో సహా ఈ స్మారకాల వివరాలను నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. పేరు చెరిగిపోతే మిగిలేది అలంకారమే, చరిత్ర కాదు.