వికీ లింకు

వికీ లింకు అంటే తెలుగు వికీపీడియాలో ఒక పేజీ నుంచి మరో పేజీకి దారి. ఈ వికీ 2003 డిసెంబరులో మొదలైంది. పేరు చుట్టూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే లింకు తయారు. పేజీ ఉంటే నీలం, లేకుంటే ఎరుపు. ఎర్ర లింకు నొక్కితే కొత్త వ్యాసం రాసుకునే పెట్టె తెరుచుకుంటుంది. లోపాన్ని దాచకుండా చూపడమే దీని అందం.

తెలుగులో తిప్పలు విభక్తులతో వస్తాయి. [[గద్వాల]]లో, [[వనపర్తి]]కి అని రాస్తే ప్రత్యయం కూడా లింకులోనే కలిసిపోతుంది. నాగర్‌కర్నూల్ అంత సులువుగా లొంగదు. వాక్యంలో అది ‘నాగర్‌కర్నూలులో’ అవుతుంది కాబట్టి నిలువు గీత పెట్టి [[నాగర్‌కర్నూల్|నాగర్‌కర్నూలులో]] అని రాయాలి. పైగా ‘ర్’కూ ‘క’కూ మధ్య కంటికి కనబడని విభాజకం ఒకటుంది. అది పడకపోతే ‘నాగర్కర్నూల్’ అవుతుంది, కంప్యూటరుకు అది వేరే పేరు. ఇలాంటి చోట్ల ఒక పేరు నుంచి అసలు పేజీకి మళ్ళించే ‘దారిమార్పు’ పేజీ ఆదుకుంటుంది.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఈ మూడు ఊళ్ళ పేర్లతో జిల్లాలు విడిపోయాయి. దాంతో ఊరికీ జిల్లాకూ ఒకే పేరు వచ్చింది, ఊరికి వెళ్ళాల్సిన లింకు జిల్లాకు పోకుండా చూసుకోవాల్సి వచ్చింది. గద్వాలది కొంత నయం, ఆ జిల్లా పేరులో ముందు జోగులాంబ ఉంది.

  వికీ దాటి వేరే సైటుకు పోయే బయటి లింకు కూడా మామూలుగా అదే ట్యాబులో తెరుచుకుంటుంది. కొత్త ట్యాబు కావాలంటే కంట్రోల్ మీట పట్టుకుని నొక్కాలి.