టీవీఎస్ ఎక్కిన వెల్డింగ్ మిషన్

సత్తుపల్లిలో నేను పని నేర్చిన షాపులో ఉన్నది ఆయిల్‌లో మునిగిన రాగి చుట్టల మిషన్. నలుగురు పడితేగానీ లేచేది కాదు. దమ్మపేట, అశ్వారావుపేట రైతులు విరిగిన గొర్రులు, ట్రాలీ హుక్కులు మా దగ్గరికే మోసుకొచ్చేవాళ్లు.

1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్ మమ్మల్ని పొలాలకు చేర్చింది. ఆయిల్ మిషన్ ఒరిగితే ఒలుకుతుంది, పైగా మోయలేని బరువు. అందుకే గాలికి చల్లబడే చిన్న మిషన్ కొని, వెనక సీటు తీసేసి యాంగిల్ ఫ్రేమ్ బిగించాం. బరువు ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. మిషన్‌ను వీలైనంత ముందుకు జరిపి, సైకిల్ ట్యూబుతో బిగించి కట్టేవాళ్లం. కేబుళ్లు కాళ్ల దగ్గర.

ఇప్పటి ఇన్వర్టర్ మిషన్ భుజానికి తగిలించుకోవచ్చు. ట్రాక్టర్ ట్రక్కు చాసిస్‌కు పొద్దంతా వెల్డింగ్ కొట్టాలంటే మాత్రం ఆ పాత రాగి మిషనే మేలు.