స్కోరుషీటులో అవతలి వరస

బొంబాయి బాస్కెట్‌బాల్ కథ చెప్పేవాళ్లు ఎవరైనా నాగ్‌పాడా దగ్గరే మొదలుపెడతారు. మా కామాఠీపురా తెలుగు గల్లీల నుంచి బెలాసిస్ రోడ్డు ఎక్కితే నడిచి పోయేంత దూరం. 1920లలో అమెరికన్ మరాఠీ మిషన్ తరఫున క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అక్కడ నైబర్‌హుడ్ హౌస్ తెరిచారు. ఇప్పుడు టిస్ అని పిలుస్తున్న టాటా సంస్థ 1936లో పుట్టింది ఆ ఇంట్లోనే. ఆ వాడలోనే బచ్చూ ఖాన్ వీధి పిల్లల్ని పోగేసి ఆట నేర్పాడు. అక్కడి మునిసిపల్ మైదానానికి ఈరోజుకీ ఆయన పేరే. అక్కడ ఎదిగిన గులాం అబ్బాస్ మూంతసిర్ భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు, 1970లో అర్జున అవార్డు అందుకున్నాడు.

ఈ పేర్లు పదిమందికీ తెలుసు. పేరు రానివాళ్ల విలువ ఎట్లా కట్టాలో కూడా నాకు నాగ్‌పాడానే నేర్పింది. అది ఎక్కడా రాసి లేదు గనుక నేను రాస్తున్నాను.

డెబ్బైలలో నేను అక్కడి టోర్నమెంట్లలో స్కోరర్ల బల్ల దగ్గర కూర్చునేవాణ్ని. టైమవుట్లు పక్కన పెడితే మా ముందున్న స్కోరుషీటు మీద ఎక్కేవి రెండే: పాయింట్లు, ఫౌళ్లు. బంతి బుట్టలో పడితే అంకె మీద అడ్డగీత, ఫ్రీ త్రో అయితే నల్లచుక్క, పక్కన కొట్టినవాడి నంబరు. ఫౌలు చేస్తే పేరుకు ఎదురుగా ఉన్న ఐదు గళ్లలో ఒకటి నిండేది. ఐదూ నిండితే బయటికి. రీబౌండు పట్టినవాడికి గడి లేదు. అడ్డం నిలబడి తోటివాడికి దారి చేసినవాడికీ లేదు. అవతలి జట్టు మొనగాణ్ని మ్యాచి అంతా కట్టడి చేసినవాడికి దక్కేది ఫౌళ్లే. చేసిన మేలు కాగితం మీదికి రాదు, చేసిన తప్పు వస్తుంది.

మా గల్లీలో అట్లాంటివాడు ఒకడుండేవాడు. తల్లి బీడీలు చుట్టేది, తండ్రి సున్నాలు వేసేవాడు. నాగ్‌పాడాలో అందరూ అతన్ని ‘కామాఠీ’ అనే పిలిచేవారు. మ్యాచికి ఐదారు పాయింట్లకు మించి కొట్టేవాడు కాదు. అట్లాంటివాడు ఒక సెమీఫైనల్లో 27 కొట్టాడు. మూడు పాయింట్ల గీత అంతర్జాతీయ ఆటలోకి వచ్చింది 1984లో, కాబట్టి అప్పుడు ఎంత దూరం నుంచి వేసినా రెండే. అంటే 13 బుట్టలు, ఒక ఫ్రీ త్రో. మా జట్టు 71–69తో గెలిచింది.

ఆ రాత్రి అతన్ని భుజాల మీద ఎత్తుకుని గల్లీకి తెచ్చారు. చాల్ వరండాలన్నీ జనంతో నిండిపోయాయి. తల్లి తునికాకు చేట పక్కకు పెట్టి, “నా కొడుకు గింత ఆడుతడని నాకేం ఎరుక బిడ్డా” అని కళ్లు తుడుచుకుంది. వారం తిరక్కుండా ఒక పెద్ద సంస్థ జట్టు నుంచి కబురొచ్చింది. రైల్వేలు, బ్యాంకులు, పోలీసు శాఖ ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే కాలం అది. ఒక్క ఖోలీలో ఏడుగురు బతికే ఇంటికి నెల జీతం అంటే చిన్న సంగతి కాదు.

మా జట్టుకు ఆట నేర్పే ఉస్తాద్ మాత్రం పాత స్కోరుషీట్లన్నీ తెమ్మన్నాడు. తెచ్చి పరిచాను. నేను కామాఠీ పేరు వెతుకుతుంటే ఆపి, “వాడి వరస ఎందుకు? అవతలి వరస చదువు” అన్నాడు.

చదివాను. మిగతా జట్ల మీద సగటున 21 కొట్టే మొనగాళ్లు మా మీద 9 దగ్గర ఆగిపోయారు. వాళ్ల మీద కాపలా కామాఠీదే. సెమీఫైనల్ కాగితంలో మాత్రం అవతలి మొనగాడి లెక్క 26. ఎందుకో ఉస్తాద్ విడమరిచి చెప్పాడు. వాళ్లు మా సెంటర్ మీద ఇద్దర్ని పెట్టి, కామాఠీ కొట్టడులే అని అతన్ని వదిలేశారు. బుట్ట కింద ఖాళీ దొరికింది, వాడుకున్నాడు. అది అతని గొప్పే. కానీ ఆ పరుగులో తన మనిషిని వదిలేశాడు. పైగా వచ్చే మ్యాచిలో ఆ ఖాళీ ఎవరూ ఇవ్వరు.

తర్వాత లెక్క కట్టించాడు. మామూలు రోజున కామాఠీ కొట్టేది 5, ఆపేది 12, మొత్తం 17. ఆ పెద్ద రాత్రి కొట్టింది 27, అవతలివాడికి అదనంగా ఇచ్చింది 5, మిగిలింది 22. గల్లీ అంతా ఐదు పాయింట్లవాడు రాత్రికి రాత్రి ఇరవై ఏడు పాయింట్లవాడయ్యాడని సంబరపడింది. నిజానికి తేడా 5. ఆ 12 ఆపడంలో తోటి నలుగురి చెయ్యి కూడా ఉంది, అంతా ఒక్కడి ఖాతాలో వేయొద్దని ఉస్తాదే హెచ్చరించాడు. అయినా నాకు అర్థమైంది: ఆ రాత్రిని మేం ఎక్కువ చేసి చూశాం, అంతకుముందు రోజులన్నిటినీ తక్కువ చేసి చూశాం. రెండోదే పెద్ద అన్యాయం.

ఆ సంస్థ అతన్ని 27 చూసి తీసుకుంది. బుట్టలు వేయమంది. ఎదుటివాళ్లు మీదికొచ్చి నిలబడ్డారు, బంతులు రింగుకు తగిలి బయటపడ్డాయి. ఒక సీజను దాదాపు బెంచీ మీదే గడిచింది. తర్వాత కోచ్ మారి కాపలా పని అప్పగించాకే అతని ఆట మళ్లీ నిలబడింది. ఉద్యోగం మాత్రం నిలిచింది, ఇల్లు గడిచింది.

ఈ చూపు తప్పడం ఒక్క మా దగ్గరే జరగలేదు. అమెరికా ఎన్‌బీఏలో బంతి లాక్కోవడం, షాట్ అడ్డుకోవడం అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1973–74 సీజనులోనే. అంతకుముందు ఆ పని చేసినవాళ్ల లెక్క గాలికి పోయింది. 2001 జనవరి 2న ఫీనిక్స్ ఆటగాడు టోనీ డెల్క్ ఒక్క మ్యాచిలో 53 కొట్టాడు. అతని జీవితకాలపు సగటు 9 చిల్లర. ఆ మ్యాచి అతని జట్టు ఓడిపోయింది కూడా. అంకెల్లో కనబడని ఆటగాడు షేన్ బాటియర్ వల్ల జట్టుకు జరిగే మేలు గురించి మైకేల్ లూయిస్ 2009లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో పెద్ద వ్యాసం రాస్తే లోకం ఆశ్చర్యపోయింది. నాగ్‌పాడా ఉస్తాద్‌లు చదివి ఉంటే ఆశ్చర్యపోయేవారు కారు.

కామాఠీపురా చరిత్రనూ ఇట్లాగే చదవాలని నా పట్టుదల. బురదనేల పూడి ఊరయ్యాక నైజాం ఇలాకా నుంచి మా పెద్దలు రాళ్లు మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చారు. విక్టోరియా టెర్మినస్ అనగానే ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ పేరు చెబుతారు. ఆ కాలపు బొంబాయి గోడలు లేపిన కామాఠీల పేర్లు ఏ ఫలకం మీదా కనిపించవు. జోతీరావ్ ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టారని పిల్లలు చదువుతారు. ఆ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన తెలుగువాళ్లు జాయా కరాడీ లింగు, వెంకు బాలోజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు ఎవరో మన పిల్లలకే తెలియదు. లోకానికి కామాఠీపురా అంటే ఒకే ఒక్క సంగతి గుర్తొస్తుంది. ఒక్క రాత్రి చూసి మనిషిని కొలవడం ఎంత తప్పో, ఒక్క గల్లీ చూసి వాడను కొలవడం అంతే తప్పు.

ఇప్పుడు మా చాల్‌లు కూల్చి కొత్తవి కట్టే మాట నడుస్తోంది. గట్టి ఇళ్లు రావాలి, మా వాళ్లు వాటిలో సుఖంగా ఉండాలి. ఖోలీలు ఖాళీ చేసేటప్పుడు మాత్రం అటకల మీది పాత కాగితాలు రద్దీవాలాకు వేయకండి. స్కోరుషీట్లు, మేస్త్రీల కూలీ పుస్తకాలు, సంఘాల చందా రసీదులు ఏవి దొరికినా మన సంఘాల ఆఫీసులకు చేర్చండి. వాటిని చదివే పిల్లలకు ఎక్కువ అంకె ఎవరిదో వెతకడంతో ఆగవద్దని చెప్పండి. అవతలివాళ్ల అంకె ఎవరి వల్ల తగ్గిందో వెతకమనండి.