కళావరు రాజు ఏ దేశమువాడు?

ఓరుగల్లు సీమ పల్లెలలో పెండ్లివారి విడిదియందు, రాత్రి భోజనములు ముగిసి, చాప పఱచి పత్తాలు పంచుకొనువేళ, "తురుపేమిటి?" అని ఒకరడుగగా "కళావరు" అని వేఱొకరు బదులు పలికినచో, ఆ రెండు మాటలును ఓడలెక్కి వచ్చిన ఒలందావారి భాషలోనివని ఆ చాపమీదివారిలో ఎవ్వరికిని తోచదు, తోచవలసిన పనియు లేదు, చేతి ముక్క దింపుటయే అప్పటి ప్రధానకార్యము.

మన తురుపు ఆ ఒలందావారి, అనగా డచ్చివారి, 'త్రూఫ్'. కళావరు వారి 'క్లావర్', అనగా మూడాకుల గడ్డి. ముక్కమీది బొమ్మయు అదియే. ఆఠీను 'హార్టెన్', హృదయములు. ఆ మూడాకుల ముక్కనే ఆంగ్లేయులు క్లబ్బు, అనగా దుడ్డుకఱ్ఱ, అనిరి. కోస్తాను నూటయేబది యేండ్లకు పైగా ఏలియు వారు మన ఆటగాండ్రచేత కళావరును మాన్పింపజాలరైరి. అట్లని నాలుగు రంగులును డచ్చివారి సొమ్మని భ్రమపడరాదు. ఇస్పేటును వారు 'స్ఖోపెన్' అందురు. డైమనుకు వారి పేరు తమిళుల 'రూయిదన్'లో నిలిచినది గాని, మనవారు డైమనుతోనే సరిపుచ్చుకొనిరి. ఉర్దూ ఆటగాండ్రకు ఇస్పేటు హుకుం.

డచ్చివారి ముక్కలే కాక ఇచట వేఱు ముక్కలాటయు ఉండెను. నిర్మల చిత్రకారులు గుండ్రని గంజీఫా ముక్కలు చిత్రించిరి. మొగలు పద్ధతి కట్టలో 8 రంగులు, 96 ముక్కలు.

ఇక డచ్చివారి రాక సంగతి. 1602లో ఏర్పడిన వారి వర్తక సంఘము 1605లో మచిలీపట్టణము చేరి, క్రమముగా భీమునిపట్టణము, పాలకొల్లు, జగన్నాథపురములలో కోఠీలు నెలకొల్పెను. అవి రేవుసీమలు, మనకు విశేషమైనది నాగులవంచ. నేటి ఖమ్మము జిల్లాలోనిదియు, 1953 వఱకు వరంగల్లు జిల్లాలో చేరియుండినదియునగు ఆ గ్రామమున, సముద్రమునకు ఇంత దూరమున, 1669 ప్రాంతమున వారు కోఠీ కట్టిరి. గోల్కొండ పడిపోయిన 1687లోనే అదియు అంతరించెను. ఆ సంఘపు కొలువులో ఉండిన డేనియల్ హావర్ట్ 1693లో ప్రకటించిన కోరమాండలు గ్రంథమున ఈ కోఠీని పేర్కొనెను. పేకముక్క నాగులవంచలోనే మనవారి చేతికి వచ్చెనని నేననను. రేవులలోని దుబాసీలు, సిపాయిలు, నావికుల పొత్తున వచ్చియుండుట నాకు సహజముగా తోచును.

1824 నాటి లండను సంధితో ఒలందావారు ఇచటి తావులన్నియు ఆంగ్లేయులకు వదలిపోయిరి. వారి పద్దులలోని మాటలు పద్దులతోనే పోయినవి. ఎవ్వరి యాజ్ఞయు లేక నేర్చిన ఆటమాటలు మాత్రము నిలిచి, ఎన్నికల వేళ పత్రికలవారికి సైతము 'తురుపుముక్క'యై పనికివచ్చుచున్నవి. నిఘంటుకర్తలు కోస్తా పేకాటతోపాటు ఓరుగల్లు పత్తాలాటను గూడ చెవియొగ్గి విని, అచటి వృద్ధులు పలుకు ఆటమాటలను ఊరి పేరుతో సహా వ్రాసిపెట్టవలెను.