అధ్యక్ష పదవి – సంఘైక్యత

చెన్నూరు చెంత గోదావరి ఉత్తరమునకు మళ్లి ప్రవహించును. ఈవలి గట్టు పూర్వపు ఆదిలాబాదు జిల్లా, ఆవలిది పూర్వపు కరీంనగరు జిల్లా. దక్షిణ ఇండియా సంఘపు లెక్కలో ఇది మెదకు అధ్యక్షఖండము, అది కరీంనగరు అధ్యక్షఖండము. అధ్యక్షుడనగా బిషప్పు. అయితే కరీంనగరు, మెదకులలో తొలుత పనిచేసిన వెస్లియను మెథడిస్టులకు బిషప్పులే లేరు. మరి ఈ అధ్యక్షులు ఎట్లు వచ్చిరి? మేము చెప్పబూనినది ఆ కథయే.

దోర్నకలులో ఉన్నవారు ఆంగ్లికనులు. అచటి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తిరునల్వేలి నుండి వచ్చి తెలుగు నేర్చిన తమిళుడు. 1912లో అభిషిక్తుడైన ఆయన ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పు. అపొస్తలుల నుండి పరంపరగా వచ్చిన బిషప్పు హస్తనిక్షేపణము చేసిననే గురుత్వము సిద్ధించునని ఆంగ్లికనులలో పెక్కుమంది విశ్వాసము. అట్లయిన మెథడిస్టు గురువు విరిచిన రొట్టె మాటయేమి? చిక్కంతయు ఇచటనే. ఈ వివాదము మన ఊళ్లలో పుట్టినది కాదు, ఓడలపై వచ్చినది.

1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో 33 మంది సమావేశమైరి. ఇద్దరు తప్ప అందరును భారతీయులే. అజరయ్య వారిలో ఒకడు. బిషప్పు పదవిని అందరును అంగీకరింపవలెను, కాని దాని అర్థమిదియేయని ఎవరిని నిర్బంధింపరాదు; బిషప్పు రాజ్యాంగబద్ధుడై నడువవలెను. ఇదియే వారు సూచించిన రాజీ. పదవిని ఒప్పించి వ్యాఖ్యానమును విడిచిపెట్టుట తెలివైన పని యని మా అభిప్రాయము.

చర్చలు ఇరువదియెనిమిదేండ్లు సాగెను. తుదకు అప్పటికే ఉన్న గురువులను మరల అభిషేకింపకయే స్వీకరించిరి. ఇకముందటి అభిషేకములు బిషప్పుల చేతనే జరుగవలెననిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సంఘము ఏకమాయెను. మెథడిస్టు గురువు ఫ్రాంక్ విటేకర్ మెదకు బిషప్పాయెను. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్య ఆ దినమును చూడలేదు. కరీంనగరు ఖండము 1978లో దోర్నకలు నుండి విడివడినది.

అందరును రాలేదు. లూథరనులు, బాప్టిస్టులు తమ దారిన ఉండిరి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పలువురు నాడు వెలుపలనే నిలిచిరి. మనస్సాక్షి ఒప్పని గురువును ఏ సంఘముపైనను బలవంతముగా నిలుపబోమని ఐక్యపత్రములో మాట ఇచ్చియుండినను, వారికి అది చాలలేదు.